నిండు చప్పుడు

ఆ ఏడు కలకత్తాలో లోడ్‌షెడ్డింగ్ అనే కరెంటు కోతని తిట్టని నోరు లేదు. ఆ తిట్లన్నీ మా పవర్‌హౌస్‌లోని ముసలి జనరేటర్‌కే తగులుతున్నాయని నాకు ఒళ్లు మండేది. దాన్ని తుక్కు కింద అమ్మేయాలా, బాగుచేసి ఇంకో పదేళ్లు నడపాలా అన్నది తేల్చాలి. లోపల తిరిగే రోటరును బయటికి లాగేసి, జనరేటర్ కడుపులోకి నేనూ, నా సహాయకుడు కూర్మయ్యా పాక్కుంటూ దూరేవాళ్లం. రాగి కడ్డీలు కదలకుండా పైన దిగ్గొట్టిన బిళ్లలే వెడ్జీలు. ఒక్కొక్కదాన్నీ చిన్న సుత్తితో తట్టాలి. బోలుగా మోగితే వదులైపోయినట్టు, నిండుగా మోగితే గట్టిగా ఉన్నట్టు. నేను "బాగుంది" అన్నాకే కూర్మయ్య సుద్దతో గీత గీసేవాడు. పెళ్లికి ముందు నుంచీ నాకు తెలిసిన చదువు ఇదొక్కటే.

ఆ రోజుల్లోనే నా భార్య అమ్మన్నమ్మకు ఆయాసం పట్టుకుంది. మేముండే బడ్జ్ బడ్జ్‌లో ఇచ్చిన మందులు పనిచేయక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు ఆమె వీపు మీద ఒక వేలు ఆనించి, రెండో చేతి వేలితో తట్టాడు. నా ప్రాణమంతా చెవుల్లోకొచ్చింది. పైన బోలుగా మోగింది. వదులైపోయిందనుకున్నాను. కిందికొచ్చేకొద్దీ నిండుగా, గట్టిగా వినిపించింది. హమ్మయ్య అనుకున్నాను.

డాక్టరు ఏమీ చెప్పకుండా ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నాడు. బయట బెంచీ మీద కూర్చున్నాక అమ్మన్నమ్మ అడిగింది.

"ఏటయ్యా, డాక్టరుబాబు ఏటీ సెప్పలేదేటి?"

"ఆయన సెప్పీదేటే? నాను ఇన్నాను కదా. కిందంతా గట్టిగుంది. పైనే కూసింత ఒదులు. నీకేటీ అవదు."

"నువ్వన్నావంటే సాలు" అని నవ్వింది. దారిలో జిలేబీ అడిగి మరీ కొనిపించుకుంది.

ఎక్స్‌రే చూశాక డాక్టరు నన్నొక్కడినే లోపలికి పిలిచాడు. మనిషి ఛాతీలో ఉండేది గాలి, అది బోలుగానే మోగాలి, నిండుగా మోగిన చోటల్లా నీరు చేరిందని బెంగాలీలో మెల్లగా చెప్పాడు. నీటి వెనక కేన్సర్ ఉందన్నాడు.

ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను. నేను కళ్లు తుడుచుకుంటుంటే, "గట్టిగుందన్నావు కదేటి, మరెందుకయ్యా ఏడుపు?" అని చివరిదాకా ఆమే నన్ను ఓదార్చింది.

పెద్దకర్మ అయ్యాక మళ్లీ ఆ జనరేటర్‌లోకి దూరాను. దానికి ఇంకో పదేళ్లు ఆయుష్షుందని అప్పటికే ఇంజనీర్లు తేల్చేసి, మరమ్మతు మొదలుపెట్టారు. సుత్తితో తట్టాను. వెడ్జీ నిండుగా మోగింది. కూర్మయ్య సుద్దముక్క ఎత్తిపట్టుకుని నా మాట కోసం చూశాడు.

"గట్టిగానే ఉంది కదా, గవరయ్యన్నా?"

బాగుంది అన్న మాట నా నోట రాలేదు. కాసేపు చూసి, కూర్మయ్యే గీత గీసుకుని పక్కకి జరిగాడు.