ఇల్లు తిరిగిన వైపు

పొద్దున్నే జిప్పులక్క చేసే మొదటి పని, ముందుగది తలుపు తీసి కుట్టుమిషను గుమ్మంలోకి లాగడం. తర్వాత మైనం ముక్కతో మొరాయించే జిప్పుల పళ్లు రుద్దడం. ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, దాన్ని వాడే అవసరం ఎవరికీ రాలేదు. అడుగు ఊడిన సంచులు, నోరు మూయని సూట్‌కేసులు ఆవిడ చేతిలో పడితే మళ్లీ నలుగురిలో తిరిగేవి. కొత్తగా కొన్నప్పటికంటే ఆవిడ కుట్టాకే గట్టిగా ఉంటాయనేవారు. కొంత అతిశయోక్తి ఉన్నా, కుట్టు మాత్రం నిజం.

ఇంటి ఎదురుగా బస్టాపు ఉన్నన్నాళ్లూ లోటు లేదు. సంచులు తెగేది ప్రయాణాల్లోనే కదా. తర్వాత ఏదో ట్రాఫిక్కు గొడవ వచ్చి, బస్టాపుని తీసుకెళ్లి ఇంటి వెనక రోడ్డు మీద పెట్టారు. వెనకవైపు ఉన్నది గోడ. అక్కడ గుమ్మం పెట్టుకుంటానని జిప్పులక్క మున్సిపాలిటీకి వెళ్తే, కిటికీలో గుమాస్తా కళ్లజోడు సవరించుకుని, "పన్ను బకాయి ఉన్న ఇంటికి పర్మిషన్ ఇవ్వరమ్మా" అన్నాడు.

"గుమ్మం ఉంటేనే గదండీ బేరాలొచ్చేది. బేరాలొస్తేనే గదా పన్ను కట్టేది."

"నిజమే," అన్నాడు గుమాస్తా, ఎంతో జాలిగా. "అయినా ఇవ్వరు."

పన్ను కట్టని ఇళ్ల సంగతి ఆ ఊళ్లో అందరికీ తెలిసిందే. రెండేళ్లు దాటగానే ఇల్లు వీధినుంచి మొహం తిప్పుకోవడం మొదలుపెడుతుంది. ఒక్కసారిగా కాదు, గడియారంలో చిన్నముల్లు కదిలినట్టు. బాకీ తీరిన రోజున ఎటు తిరిగి ఉంటే అటే ఆగిపోతుంది. అందుకే అక్కడ వీధులు తిన్నగా ఉన్నా ఇళ్లు తిన్నగా ఉండవు. డాక్టరుగారి మేడ ఇప్పటికీ ఓరగా చూస్తుంటుంది. ఆయన చదువుకునే రోజుల్లో వాళ్ల నాన్న పడ్డ ఇబ్బంది అది. సబ్బుల షాపాయన ఇల్లు మరీ పక్కకి తిరిగింది, అది లేమి వల్ల కాదు, బద్ధకం వల్ల. ఇంటికొచ్చిన చుట్టాలు ఈ విషయాలు ఎత్తరు. ఇలాంటివి చెప్పుకుంటూ పోతే బోలెడున్నాయి గానీ, మనకి కావలసింది జిప్పులక్క.

ఇల్లు తిరగడం పరువు తక్కువ కాబట్టి, కదలిక మొదలవగానే లోపల బరువులు పెట్టి ఆపడం అందరూ చేసేదే. జిప్పులక్కతో ఉండేది ఆవిడ మేనత్త, మంచం మీంచే సంసారం నడిపే మనిషి. ఆవిడే ఇనప బీరువాని, ఇసక బస్తాల్ని మూలల్లో పెట్టించింది. ఇల్లు మూలుగుతూ అలాగే నిలబడింది. మూడో ఏడు నిండాక బిల్లు కలెక్టరు వచ్చాడు.

"వచ్చే నెల నోటీసు అంటించాలక్కా," అన్నాడతను, ఇచ్చిన మంచినీళ్లు తాగలేక గ్లాసు చేత్తో పట్టుకుని. "వీధిగుమ్మానికి అంటించి, ఇరుగుపొరుగు చేత సంతకాలు పెట్టించాలి. ఆ తర్వాత వేలం. నా చేతుల్లో ఏం లేదు."

"నీళ్లు తాగు బాబూ, వాటిమీద మేం పన్ను వెయ్యంలే," అంది మేనత్త లోపల్నించి.

అతను వెళ్లాక జిప్పులక్క వెనకగోడకి చేరగిలబడి కూర్చుంది. గోడ అవతల బస్సులు ఆగుతున్నాయి. ఎవరో సంచి తెగిందని మొగుణ్ణి తిడుతోంది. కాసేపు విని, లేచి వెళ్లి మూలనున్న ఇసక బస్తాని, మనిషిని కాళ్లు పట్టి లాగినట్టు లాగింది.

"ఏంటే ఆ చప్పుడు?"

"బస్తాలు తీసేస్తున్నానత్తా."

"మతిపోయిందా? ఇల్లు తిరిగిపోదూ!"

"తిరగనీ."

"మీ నాన్న చెమటోడ్చి కట్టిన ఇల్లు. ఊరికి వీపు చూపిస్తుందా?"

"ఊరు వెనక్కెళ్లిపోయిందత్తా. మనిల్లు వీపు చూపిస్తున్నది ఇప్పుడే."

మేనత్త దుప్పటి పక్కకి నెట్టింది. తర్వాత, "బీరువా నీ ఒక్కదాని వల్ల కాదు. నన్ను లేపు," అంది. నడిచి చాలాకాలమైన ఆ మనిషి, మేనకోడలి పక్కన నిలబడి భుజం ఆనించింది.

అంతకాలం ఊపిరి బిగబట్టిన ఇల్లు హాయిగా తిరిగింది. వంటింట్లో ఎన్నడూ పడని చోట ఎండ పడింది. కుళాయి గొట్టం సణుక్కుంటూ వెంట వచ్చింది. వెనక రోడ్డుకి గుమ్మం ఇంకా సగమే కనబడుతుండగా, ఒకామె ఆ సందులోంచే బ్యాగు లోపలికి తోసి, "బస్సొచ్చేలోగా అవుతుందా?" అని అడిగింది.

నెల గడిచింది. బిల్లు కలెక్టరు జిగురు డబ్బాతో, ఇద్దరు పొరుగువాళ్లతో వచ్చాడు. గుమ్మం ఉండాల్సిన చోట బోడిగోడ ఉంది.

"గోడకే అంటించెయ్యవయ్యా," అన్నాడొక పొరుగాయన.

"చెల్లదండీ. గుమ్మానికే అని రూలు."

చుట్టూ తిరిగి వెళ్లారు. అక్కడ తలుపులు బార్లా తీసి ఉన్నాయి, మిషను పరిగెడుతోంది, ముందర సంచులు పట్టుకుని జనం.

"ఇదిగో నీ గుమ్మం," అన్నాడు రెండో ఆయన.

"ఈ రోడ్డు పక్క వార్డుదండీ. ఇక్కడ నేను బ్రష్షు పైకి తియ్యకూడదు." కలెక్టరు డబ్బా మూత పెట్టేశాడు. "ఆ వార్డువాళ్ల దగ్గర ఈ ఇల్లే లేదు. ఇప్పుడు నువ్వు ఎవరి లెక్కలోనూ లేవక్కా. ఇలాగే ఉండిపోతే అడిగేవాడుండడు."

అదృష్టమంటే నీదే అన్నారు పొరుగువాళ్లు. జిప్పులక్క మాత్రం గుమ్మంలోంచి చూస్తోంది. నిన్న బస్టాపు బల్ల మొత్తం కనబడింది, ఇవాళ ఆ చివర కొంచెం తగ్గింది. ఇల్లు ఆగలేదు. ఇలాగే పోతే ఆ పక్క గోడౌను గోడకి ముక్కు ఆనిస్తుంది.

"అయినా, ఎవరి లెక్కలోనూ లేకుండా పోడానికా నాన్న ఇల్లు కట్టింది," అంది మేనత్తతో.

ఇక చూడాలి ఆ ఇద్దరినీ. మేనత్త మంచం గుమ్మం దగ్గరికి వచ్చేసింది. జిప్పులకి మైనం రుద్దుతూనే, "ఏమమ్మాయ్, నీ సంచి అడుగు చూసుకున్నావా?" అని దారినపోయేవాళ్లని పిలిచేది. చూసుకున్నవాళ్లు ఆగేవాళ్లు. జిప్పులక్క తల ఎత్తకుండా కుట్టేది, ఎత్తితే బల్ల ఎంత మిగిలిందో చూడ్డానికే. బల్ల సగమైన రోజున ఆవిడ మిషను మీద గుడ్డ కప్పి, కూడిన డబ్బు కొంగున కట్టుకుని మున్సిపాలిటీకి వెళ్లింది.

గుమాస్తా తికమకపడ్డాడు. "మీ గుమ్మం దొరకలేదని రిపోర్టు వచ్చిందే. మిమ్మల్ని ఎవరూ అడగలేదు కదమ్మా?"

"నాకు దొరికింది లెండి. తీసుకోండి."

అడక్కుండా కట్టేవాళ్లని ఆ గుమాస్తా అంతవరకూ చూడలేదు. రసీదు మీద ముద్ర వెయ్యడానికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఆ పూటే ఇల్లు ఆగిపోయింది, సగం బల్లని గుమ్మంలో ఉంచుకుని. తర్వాత కూర్చునేవాళ్లంతా ఆ సగంలోకే జరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. బస్సు డ్రైవర్లు కూడా కాస్త ఇవతలే బ్రేకు వేస్తున్నారు.

ఒక ప్రయాణికుడు కుట్టిన సూట్‌కేసు అందుకుంటూ, "మీ ఇల్లు మొదట్నించీ ఇక్కడేనా అండీ? నేనెప్పుడూ చూళ్లేదు," అన్నాడు.

జిప్పులక్క దారం పంటితో తెంపింది. "ఇల్లు ఇక్కడేనండీ. మేమే ఈమధ్య ఇటు తిరిగాం," అంది. "వెళ్లండి, బస్సు మీకోసమే ఆగింది."