తెలుగు సంఘం తరఫు బాక్సరు

భర్త మీద ఫిర్యాదులు చెప్పమంటే జాయ్సీ దగ్గర పెద్ద జాబితానే ఉంది గాని, మచ్చుకు ఒకటి చాలు. సుందరరాజు ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెడతాడు. పెడితే పెట్టాడు, పెట్టాక కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ప్రతి అక్షరం చదివాకే పెడతాను, నా సంగతి తెలుసుగా" అని నలుగురి ముందూ అంటాడు. పదిహేనేళ్ళ కాపురంలో ఆయన చదివి సంతకం పెట్టింది పెళ్ళి రిజిస్టరు ఒక్కటేనని ఆమె నమ్మకం. ఈ మధ్య దాని మీదా అనుమానం వచ్చింది.

సౌదీలోని ఖఫ్జీలో ఒక ఆసుపత్రి స్టోర్సులో ఆయన ఉద్యోగం. ఉద్యోగం కంటే పెద్దది ఆయన పదవి: ఖఫ్జీ తెలుగు సంఘం సెక్రటరీ. సంఘమంటే భవనం గట్రా ఏమీ లేవు. ఒక వాట్సాప్ గ్రూపు, ఒక ప్లాస్టిక్ బ్యానరు, ఒక రబ్బరు స్టాంపు. సంఘం ఉత్తరాలు, సంతాప సందేశాలు, క్రిస్మస్ శుభాకాంక్షలు అన్నీ గుంటూరులో బీయే చదివిన జాయ్సీ వంటింటి బల్ల మీద రాసేది. ఆయన స్టాంపు వేసేవాడు. వేలికి అంటిన సిరా నలుగురికీ చూపించేవాడు.

ఆ సంఘం కూడా చిక్కిపోయింది. ఇకామా అనే నివాస పర్మిట్టు మీదున్న ఆడవాళ్ళకూ పిల్లలకూ తలకింతని నెలనెలా లెవీ వేశాక, ఏడాది తిరిగేలోగా నలభై కుటుంబాలు పదకొండయ్యాయి. జులైలో లెవీ ఇంకా పెరుగుతుందన్నారు. జూన్‌లో పిల్లలతో జాయ్సీ కూడా వెళ్ళిపోవాలి. అందుచేత ఆ ఏప్రిల్‌లో రిక్రియేషన్ క్లబ్బు నుంచి ఏటా వచ్చే ఆటల పోటీల ఫారం వచ్చేసరికి, రాయడానికి పేర్లు లేవు. క్యారమ్స్‌కి ఇద్దరు. త్రోబాల్ ఆడే ఆడవాళ్ళంతా ఊళ్ళకెళ్ళిపోయారు. బాక్సింగ్ అన్న గడిలో ఎప్పటిలాగే సున్నా.

బాక్సింగంటే ఖఫ్జీ మొత్తానికి ఒకడే, మహబూబ్. రెండేళ్ళుగా చాంపియను. ఏసీ మెకానిక్కు. మనిషి ఆరడుగులు, రాతి నలుపు, ఉంగరాల జుట్టు. రింగులోకి దిగేముందు, ఏ రౌండులో పడగొడతాడో వేళ్ళు చూపించి మరీ చెబుతాడు. పడగొట్టాక తన మూలకు వెళ్ళి మీసాలు చూసుకుంటాడు. గ్లవుజులతో అద్దం పట్టుకోలేడు గనక, జగిత్యాల నుంచి వచ్చిన రాజేశం అనే తాపీమేస్త్రి అద్దం పట్టుకుని నిలబడాలి. ఊళ్ళో సగంమంది ఆ అద్దం చూడటానికే వచ్చేవాళ్ళు. మిగతా సగం, ఆ అద్దం పగిలే రోజు చూడాలని వచ్చేవాళ్ళు. తెలుగువాళ్ళు రెండో సగం.

"ఆ నల్లోడికి ఎంత పొగరో చూడు" అనేవాడు సుందరరాజు.

జాయ్సీ ఆయన్ని ఎగాదిగా చూసేది. పెళ్ళిచూపుల్లో వాళ్ళ పెద్దమ్మ అబ్బాయిని చూసి, "లైటు వెయ్యండమ్మా" అంది. లైటు అప్పటికే వెలుగుతోంది. మహబూబ్‌తో పోలిస్తే ఈయన ఓ అర్ధణా నలుపు తక్కువ, అంతే.

పెషావర్ నుంచి వచ్చిన ట్రక్కు డ్రైవరు ఒకడున్నాడు, ఖాన్ భాయ్ అంటారు, వాడూ బాక్సరే. పాలరాతి బొమ్మలా ఉంటాడు. గెలిస్తే జనానికి ముద్దులు విసురుతాడు. అది మాత్రం స్టైలు. అదే పని నల్లగా ఉన్నవాడు చేస్తే పొగరు. ఈ లెక్క ఆమెకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

మహబూబ్ అందరి లెక్కలో సూడాన్ వాడు. సూడాన్ వాళ్ళు మాత్రం అరబ్బీలో పలకరించి, అతడు తడబడగానే నవ్వి వదిలేసేవాళ్ళు. అసలు సంగతి ఖఫ్జీలో రాజేశానికి తెలుసు. రెండో మనిషి జాయ్సీ.

ఆమెకు తెలిసి మూడేళ్ళయింది. ఆ ఏడు సంఘం న్యూ ఇయర్ విందుకు మహబూబ్ హాలు గేటు దాకా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో స్టీలు డబ్బా. గేటు దగ్గర నిలబడిన సుందరరాజు హిందీలో చెప్పాడు: "భాయ్, ఇది తెలుగువాళ్ళ ప్రోగ్రాం. మీ సూడాన్ వాళ్ళది వచ్చే శుక్రవారం." వెనక నిలబడ్డ కుర్రాళ్ళు నవ్వారు. అతడేదో చెప్పబోయి, ఆ నవ్వు విని, "జీ" అని వెనుదిరిగాడు. పేపరు ప్లేట్లు పట్టుకుని వెనకే ఉన్న జాయ్సీకి, అతడు తిరిగినప్పుడు డబ్బా పక్క కనిపించింది. మన ఇళ్ళల్లో గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టిస్తాం చూడండి, అలా తెలుగులో కొట్టించిన పేరు. ఆ రాత్రే మొగుడికి చెప్పింది. "ఎవరో ఇచ్చుంటారులే" అని ఆయన పక్కకు తిరిగి పడుకున్నాడు.

అప్పుడు గేటు దగ్గరే నోరు విప్పనందుకు జాయ్సీకి గొంతులో ముల్లు దిగింది. మూడేళ్ళయినా అది అక్కడే ఉంది.

ఫారం వచ్చిన వారానికి వాళ్ళ ఏసీ నీళ్ళు కారుతుంటే, బాగు చెయ్యడానికి మహబూబే వచ్చాడు, వెంట రాజేశం. జాయ్సీ టీ ఇచ్చి తెలుగులోనే అడిగింది.

"ఈసారి ఏ రౌండులో పడగొడతావు, తమ్ముడూ?"

రాజేశం పకపకా నవ్వాడు.

"ఏడ పడగొట్టుడక్కా," అన్నాడు మహబూబ్. "మా కంపెనీ నితాఖత్‌ల రెడ్‌ల పడ్డది. సౌదీలను సరిపోను పెట్టుకోలేదంట. మా ఇకామాలు రెన్యువల్ గావు. వచ్చే నెల ఫైనల్ ఎగ్జిట్, ఇగ ఇంటికి పోవుడే. కంపెనీ పేరు మీద ఎంట్రీ లేదన్నరు క్లబ్బుల. ఏదన్న సంఘం తరఫున రమ్మన్నరు."

"సూడాన్ వాళ్ళనడిగినం," అన్నాడు రాజేశం. "మా దేశపోడు గాదన్నరు. గాళ్ళు జెప్పింది నిజమే గదమ్మా!"

"మీదేవూరు?"

"వనపర్తి. మా తాతల తాతలు ఆఫ్రికా నుంచి వచ్చిన్రంట, రాజా దగ్గర సిపాయిలు. నేను పుట్టింది, సదివింది, దెబ్బలు తిన్నది అంత ఆడనే." టీ కప్పు కింద పెట్టాడు. "ఓడిపోతే పోత, బాధ లేదు. రెండేండ్లు గెల్చిన బెల్టు, రింగుల దిగకుంట ఇచ్చిపోవుడే మనసుకు పట్టదక్కా. ఎవరి తరఫునోడో తెల్వనోని లెక్క పోవాల్నా?"

ఆ సాయంత్రం జాయ్సీ ఫారం మీద సున్నా కొట్టేసి, గుండ్రటి అక్షరాలతో పేరు రాసింది. మహబూబ్, ఖఫ్జీ తెలుగు సంఘం. తర్వాత ఉప్మా తింటున్న భర్త ముందు పెట్టింది. ఆమె మోసం చేసే మనిషి కాదు.

"ఒకసారి చదవండి," అంది.

"చదివాను," అన్నాడాయన, అప్పటికే సంతకం సగంలో ఉంది. స్టాంపు కూడా ఆయనే వేశాడు, గట్టిగా.

పోటీ శుక్రవారం సాయంత్రం. క్లబ్బువాళ్ళ నియమం ప్రకారం, బాక్సరు ఏ సంఘం వాడైతే ఆ సంఘం సెక్రటరీ మేనేజరుగా రింగు మూలన నిలబడాలి. ఆ నియమం కూడా ఫారంలోనే ఉంది, నాలుగో పేరాలో. గేటు దగ్గర సుందరరాజు మెళ్ళో బ్యాడ్జి వేసి, ఒక చేతికి తువ్వాలు, ఇంకో చేతికి బకెట్టు ఇచ్చారు. ఆయన బకెట్టుతోనే ఫ్యామిలీ సెక్షన్‌కి వచ్చాడు.

"జాయ్సీ! ఏంటిది?"

"ఉమ్ముకోవడానికండీ."

"అది కాదు! వాడి పేరు మన సంఘంలో ఎలా..."

"అదేంటండీ, ప్రతి అక్షరం చదివారుగా," అందామె అమాయకంగా. చుట్టూ పదకొండు కుటుంబాలూ వింటున్నాయి.

చదవలేదంటే పరువు పోతుంది. చదివానంటే బకెట్టు మొయ్యాలి. ఆయన బకెట్టు పట్టుకుని మూలకు వెళ్ళాడు.

ఫ్యామిలీ సెక్షన్‌కీ రింగుకీ మధ్య పది అడుగులే. ఎదుటి మూలలో పెషావర్ వాడు మెరుస్తున్నాడు. అనౌన్సరు మహబూబ్ పేరు చదివి, "తెలుగు సంఘం తరఫున" అని ఆగి, కాగితం మళ్ళీ చూసుకున్నాడు. మైదానమంతా నవ్వింది. మహబూబ్ ఈసారి వేళ్ళు చూపించలేదు. తెలుగువాళ్ళ వరసకేసి తిరిగి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణానికి ఎవరూ జవాబివ్వలేదు, జాయ్సీ తప్ప.

మొదటి రౌండు పెషావర్ వాడిదే. మహబూబ్ పెదవి చిట్లి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"సార్, నీళ్ళు. బకిట్ జెర దగ్గరికి తెండి."

సుందరరాజు ఉలిక్కిపడ్డాడు. అంత దగ్గరగా, ఆ నోటి నుంచి తెలుగు. బకెట్టు తేవడం ఆలస్యమై, నెత్తురు కలిసిన ఉమ్ము ఆయన పాలిష్ బూటు మీద పడింది.

"తప్పయింది సార్," అన్నాడు మహబూబ్.

సుందరరాజు వంగి, తువ్వాలుతో ముందు అతడి పెదవి తుడిచాడు. బూటు సంగతి మర్చిపోయాడు. జాయ్సీ ముక్కున వేలేసుకుంది. ఇంట్లో పిల్లల ముక్కు తుడవమంటే వంటింట్లోకి కేకేసే మనిషి.

రెండో రౌండులో మహబూబ్ తేరుకున్నాడు. ఎడమ చేత్తో టకటకా మూడు, వెంటనే కుడి. పెషావర్ వాడు తాళ్ళ మీదికి వాలాడు. అప్పుడు తెలుగువాళ్ళ వరసలోంచే ఎవరో అరిచారు: "ఖాన్ భాయ్! కొట్టు ఆ నల్లోణ్ణి!"

సుందరరాజు గిరుక్కున తిరిగాడు.

"ఎవడ్రా ఆ అరిచింది? మనోడు కొట్టుకుంటుంటే అవతలోడికి అరుస్తావా? సిగ్గులేదూ?"

"మనోడు" అన్న మాట తన చెవిన పడ్డాక గాని, ఏమన్నాడో ఆయనకే తెలియలేదు. తర్వాత రింగు కేసి తిరిగి, కంచు గొంతుతో, "ఎడమ చెయ్యి! ఎడమ చెయ్యి వాడు నాయనా!" అని మొదలుపెట్టాడు. బాక్సింగ్ గురించి ఆయనకేం తెలుసో దేవుడికే తెలియాలి. కానీ మూడో రౌండంతా పదకొండు కుటుంబాలూ అదే అరిచాయి. చర్చిలో ఎప్పుడూ పెదాలు మాత్రమే కదిపే ఆడవాళ్ళు కూడా లేచి నిలబడి అరిచారు. అరిచి అరిచి జాయ్సీ గొంతు పోయింది, ముల్లు మాత్రం ఇంకా ఉంది.

పాయింట్ల మీద మహబూబ్ గెలిచాడు. రెఫరీ చెయ్యి ఎత్తగానే రాజేశం అలవాటు ప్రకారం అద్దం తీశాడు. మహబూబ్ దాన్ని సుందరరాజు వైపు తిప్పించాడు.

"సార్, జూస్కోండ్రి. నా కన్న మీకే ఎక్వ చెమట పట్టింది."

జనం గొల్లుమన్నారు. సుందరరాజు నిజంగానే అద్దంలో చూసుకున్నాడు, కాస్త ఎక్కువసేపే.

బెల్టు ఇచ్చాక హాల్లో బిర్యానీ. మన బ్యానరు కింద మహబూబ్‌ని నిలబెట్టి అందరూ ఫొటోలు దిగారు. నల్లోణ్ణి కొట్టమని ఖాన్ భాయ్‌కి అరిచినవాడు కూడా పక్కన నిలబడి దిగాడు. "మన తెలుగుబిడ్డ" అని గ్రూపులో పెట్టింది మొదట అతడే. సంఘం ప్రెసిడెంటు మైకు తీసుకుని, ఇంత ముందుచూపుతో ఈ కుర్రాణ్ణి గుర్తించి మన తరఫున నిలబెట్టినందుకు సెక్రటరీగారికి చప్పట్లు అన్నాడు. చప్పట్లు మోగాయి. సుందరరాజు మొహమాటంగా నవ్వాడు. జాయ్సీ పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. ఆయనకు ఈ రాత్రి ఆ పేరు దక్కితే దక్కనీ, తను నోరు విప్పదల్చుకోలేదు.

అప్పుడు మహబూబ్ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి ఆమె ముందు పెట్టాడు.

"సకినాలక్కా. మా అమ్మ పంపింది. ఈసారన్న తీస్కోండ్రి."

జాయ్సీ చెయ్యి చాపేలోగా సుందరరాజు డబ్బా అందుకున్నాడు. పక్కకు తిప్పాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. చుక్కల మీద వేలు పెట్టి, బడిపిల్లాడిలా ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని పైకి చదివాడు.

"మ-దా-ర్బీ. వ-న-ప-ర్తి."

"మా అమ్మ పేరు సార్," అన్నాడు మహబూబ్. ఆయన ప్రెసిడెంటు చేతిలోంచి మైకు తీసుకున్నాడు. ఇంకో చేత్తో డబ్బాని గుండెకు ఆనించుకునే ఉన్నాడు.

"చప్పట్లు నాక్కాదండీ. ఆ ఫారం నేను చదవలేదు. ఏ కాగితమూ చదవను, అన్నీ జాయ్సీయే రాస్తుంది, ఇదీ ఆవిడే రాసింది." డబ్బా ఎత్తి అందరికీ చూపించాడు. "మూడేళ్ళ కిందట ఇదే డబ్బాతో ఈ అబ్బాయి మన గేటు దాకా వచ్చాడు. తెలుగువాడివి కాదు పొమ్మన్నాను. డబ్బా మీద పేరుందని ఆవిడ చెప్పినా వినలేదు. మొహం చూశాను, పేరు చూడలేదు. తప్పు నాది, తమ్ముడూ. నాదే."