తల ఊపే అలవాటు

హారతి మాట్లాడటం మానేసి ఆ రోజుకు ఆరు రోజులు.

నా మనవరాలికి ఎనిమిదేళ్లు. సూరత్‌లోని బమ్రోలిలో మేముండే మూడంతస్తుల ఇంట్లో దాని నోరు తెలియనివాళ్లు లేరు. కూరల బండివాడితో గుజరాతీలో బేరం చేసి, కింది ఇంటి పిల్లలతో హిందీలో కొట్లాడి, పైకొచ్చి ఆ రెండూ నాకు తెలుగులో చెప్పేది. అలాంటి పిల్ల గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. అన్నం పెడితే నాలుగు మెతుకులు తిని పళ్లెం జరిపేసేది. పిలిస్తే కళ్లు మాత్రం ఎత్తేది.

కరోనా రెండోసారి వచ్చిన ఏప్రిల్ అది. నా కొడుకు గోపాల్ ఆసుపత్రిలో చేరి తొమ్మిది రోజులైంది. ఆక్సిజన్ పెట్టారు. కార్పొరేషన్ వాళ్లు మా తలుపుకు కాగితం అంటించి, పద్నాలుగు రోజులు గడప దాటొద్దనీ ఇంట్లో కూడా మాస్కు తీయొద్దనీ చెప్పి వెళ్లారు. నా కోడలు పద్మారాణి ఆ మాటను గట్టిగా పట్టుకుంది. పాత చీర చింపి మూడు పొరల మాస్కులు కుట్టింది. మూడు రోజులు మొగుడి పక్కన కూర్చుని సేవ చేసింది కనుక తనకూ అంటుకుని ఉంటుందని భయపడి వంటగదిలోనే ఉండిపోయింది. నేనూ హారతీ ముందు గదిలో. ఆమె పళ్లెం తెచ్చి వంటగది గడప మీద పెట్టి వెనక్కి జరిగేది. పాల ప్యాకెట్టును సబ్బుతో కడిగేది, కడిగిన దాన్నే మళ్లీ కడిగేది. ఆమె చేతులు నీళ్లలో నానినాని తెల్లగా ఉబ్బాయి.

"పిల్లకు లోపల ఏదో అయింది అత్తమ్మా. ఒక్క మాట మాట్లాడ్తలేదు. నేను ఇద్దరిని పోగొట్టుకుంటనా ఏంది?" అంది ఒక రోజు. అని, సమాధానం కోసం ఆగకుండా గిన్నెల వైపు తిరిగింది.

నాకు తెలిసిన వైద్యం నేను చేశాను. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి హారతికి దిష్టి తీసి నిప్పుల్లో వేశాను. ఆ ఘాటుకు ముగ్గురమూ ఒకటే దగ్గు. ఎదురింటి ముత్యం తన గుమ్మంలోంచే కేకేశాడు. అతను గోపాల్ పనిచేసే షెడ్డులోనే సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు.

"ఓ స్వరాజ్యం పెద్దమ్మా, ఏంది గా దగ్గుడు? ఇంకో కాయితం అంటిస్తరు నీ తలుపుకు!"

మరెప్పుడైనా అయితే అతనికి హారతే జవాబు చెప్పేది. అది తల కూడా తిప్పలేదు.

రోజూ మధ్యాహ్నం మూడింటికి గోపాల్ ఫోన్ చేసేవాడు. ఫోన్‌లో అతని ముఖం కనబడగానే హారతి లేచి స్నానాల గదిలోకి పోయి గడియ పెట్టుకునేది.

"పిల్ల ఏదమ్మా?" ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ అడిగాడు.

"పన్నది బిడ్డా."

"పగలు... మూడింటికా?"

నేను ఫోన్‌ను పద్మారాణికి కనబడేలా వంటగది గడప మీద పెట్టాను.

రోజు విడిచి రోజు కార్పొరేషన్ నుంచి ఒక ఆమె వచ్చేది. అక్కడి వాడుకలో ఆమెను బెన్, అంటే అక్కా, అని పిలిచేవాళ్లం. ఒంటి నిండా ప్లాస్టిక్ గౌను, ముక్కుకూ నోటికీ తెల్ల మాస్కు. మెట్ల దగ్గరే నిలబడి ప్రశ్నలడిగేది. ఎప్పుడూ నేనే జవాబు చెప్పేదాన్ని. ఆ రోజు నేను స్నానం చేసి వచ్చేసరికి పద్మారాణి గుమ్మంలో నిలబడి ఉంది.

"కిసీ కో బుఖార్ హై?" ఎవరికైనా జ్వరం ఉందా అని కార్పొరేషన్ ఆమె అడిగింది.

పద్మారాణి తల ఊపింది.

"సాస్ లేనే మే తక్లీఫ్?" ఊపిరి కష్టంగా ఉందా అంది.

పద్మారాణి మళ్లీ తల ఊపింది. మర్యాదకు కళ్లతో కొంచెం నవ్వింది కూడా.

ఆమె రెండు మెట్లు కిందికి దిగి గబగబా రాయసాగింది. నేను పరుగున వెళ్లాను. "నహీ బెన్! కిసీ కో బుఖార్ నహీ!"

"యే తో హా బోల్ రహీ హై!" ఈమె అవునంటోంది కదా అని ఆమె పద్మారాణిని చూపించింది.

జ్వరం కొలిచి, అందరికీ మామూలుగా ఉందని తేలాక, రాసింది కొట్టేసి వెళ్లిపోయింది. నేను కోడలి వైపు తిరిగాను. "ఆమె ఏమడిగిందో ఇన్నవానే?"

పద్మారాణి తల ఊపబోయి ఆగింది.

నేను కిటికీ దగ్గరికి పోయి, దూరంగా నిలబడి, మాస్కు కిందికి లాగి, అదే మాట మళ్లీ అడిగాను. ఈసారి చెప్పింది. "బాగున్నరా అని కదా అడిగింది?"

అప్పుడు నాకు అర్థమైంది. పెళ్లయి సూరత్‌కు వచ్చినప్పటి నుంచి పద్మారాణి మగ్గాల షెడ్డులో దారపు కండెలు చుడుతోంది. పదమూడేళ్లు. వంద సాంచాలు ఒక్కసారి కొట్టుకునే చోట ఎవరి గొంతూ ఎవరికీ వినబడదు. మా ఆయన బతికుండగా నేనూ అక్కడే పనిచేశాను. మొదటి రోజు నాకు నేర్పింది కండె చుట్టడం కాదు, తల ఊపడం. సేటు వచ్చి ఏదో అంటాడు. వినబడలేదని రెండోసారి అడిగితే ఆయనకు కోపం. ముందు తల ఊపాలి. ఆయన వెళ్లాక పక్కవాళ్లను సైగ చేసి అడిగి తెలుసుకోవాలి. అక్కడ చెవులతో పనిలేదు, అందరూ ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటారు. ఆమె చెవులు పాడవుతున్నా ఇంట్లో మాకు తెలియలేదు. మా నోళ్లు చూసి జవాబు చెప్పేది. ఇప్పుడు నోళ్లన్నీ మూసి ఉన్నాయి.

"ఎన్ని దినాల సంది?"

"నాలుగైదేండ్లయితుంది." తల దించుకుంది. "షెడ్డుల చెప్పకు అత్తమ్మా. చెవుడని తెలిస్తె మిషన్ కాడ నిలవడనియ్యరు."

ముందు గదిలోకి వచ్చి హారతి పక్కన కూర్చున్నాను. దాని ముఖం చూడకుండా చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ చెప్పాను. "మీ మమ్మీకి చెవులు సక్కగ ఇనవడయంటనే. మూతి కనవడితెనే మాట తెలుస్తదట. గా బెన్ జరముందా అంటె తల ఊపె. ఊపిరాడ్తలేదా అంటె గూడ ఊపె."

నాలుగు కాయల ఈనెలు తీశాను. తర్వాత పక్కనుంచి బొంగురు గొంతు వినిపించింది. ఆరు రోజులు వాడని గొంతు.

"అయితే నేనడిగింది గూడ ఇనలేదా?"

కాయ పక్కన పెట్టి దాని వైపు తిరిగాను. "ఏమడిగినవే?"

"పప్పాకు బుఖార్ రాకముందు నేను కిందికి పోయి ఐసు బండి కాడ బర్ఫ్ గోలా తిన్న. మాస్కు జేబుల పెట్టుకున్న. పప్పా వస్తే అదే గోలా పప్పాకు గూడ తినిపించిన. దవాఖానకు పోయినంక మమ్మీని అడిగిన. నా వల్లనే వచ్చిందా అని. మమ్మీ స్టవ్ కాడ ఉండె. నా దిక్కు చూసింది." అది నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "చూసి తల ఊపింది."

నేను దాన్ని దగ్గరికి లాక్కుని, కాదే తల్లీ, నీ వల్ల కాదే అన్నాను. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అది నా చేతుల్లో కట్టెలా బిగుసుకుపోయి ఉంది.

"నువ్వు కాదు బాపమ్మా. మమ్మీ చెప్పాలె. మూతి కనవడేటట్టు చెప్పాలె."

కిటికీ దగ్గర నిలబడి ఈ సంగతి చెప్పినప్పుడు పద్మారాణి ముందు నా పెదాలను నమ్మలేదు. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాక, ఆ తెల్లగా నానిన చేత్తో నుదురు కొట్టుకుంది. "నేనా? నేను తల ఊపిన్నా?" గడప దాకా పరుగెత్తి వచ్చి అక్కడ ఆగిపోయింది. తనకు రోగం ఉందో లేదో తెలియదు. పిల్లను ముట్టుకునే వీల్లేదు, పిల్ల ముందు మాస్కు తీసే వీల్లేదు.

ఇంట్లో కాకపోతే డాబా మీద అన్నాను నేను. మిట్టమధ్యాహ్నం ఎవరూ ఎక్కరు. కాగితం గడప దాటొద్దంటోంది, నిజమే. ఆ కాగితం రాసినవాళ్లకు హారతి తెలియదు. ముత్యాన్ని పిలిచి, పైకి ఎవరినీ రానివ్వకుండా మెట్ల కింద నిలబడమన్నాను.

"జల్ది కానియ్యుండ్రి పెద్దమ్మా, పిల్ల కాళ్లు కాల్తయి," అన్నాడు.

పద్మారాణి నీళ్ల ట్యాంకు పక్కన నిలబడింది. హారతి ఈ చివర. నడుమ ఆరబెట్టిన బట్టల తీగ. ఇద్దరూ మాస్కులు తీశారు. పిల్ల కింది పెదవి పగిలి ఉంది. కొరుక్కుని ఉంటుంది, నాకు తెలియలేదు.

అది అడిగింది. గట్టిగా కాదు. షెడ్డులో పెద్దవాళ్లు మాట్లాడినట్టు ఒక్కో మాటా పెదాలతో విడివిడిగా.

"కాదు!" పద్మారాణి అరిచింది. వినబడనివాళ్లకు తమ గొంతు కూడా ఎంత పెద్దదో తెలియదు. "నీ వల్ల కాదు బిడ్డా! పప్పా పక్క సాంచెల ఆయనకు ముందుగాల వచ్చింది. నువ్వు గోలా తినకముందే! నాకు చెవులు ఇనవడయి. నాలుగేండ్లాయె ఇనవడక. ఇనకుంట తల ఊపిన. నీకు చెప్పక తప్పు జేసిన!"

వీధంతా వినే ఉంటుంది. షెడ్డులో తెలియకూడదని ఇన్నాళ్లు దాచిన మాట. పద్మారాణి నా ముఖం చూసి, మెట్ల వైపు చూసింది.

కింది నుంచి ముత్యం గొంతు వచ్చింది. "నాకేం ఇనవడలె పెద్దమ్మా! నాకు గూడ చెవుడే! షెడ్డుల ఎవనికి లేదు?"

ఆ మాట నేను పెదాలు కదిపి పద్మారాణికి అందించాను. ఆమె నవ్వబోయి ఏడ్చింది.

హారతి ఇంకా తల్లినే చూస్తోంది. మరో మాట అంది. పద్మారాణి కళ్లు తుడుచుకుంటూనే తల ఊపింది.

"ఊపకు మమ్మీ!" అది కాలు నేలకేసి కొట్టి, కాలిందేమో, రెండో కాలి మీదికి మారింది. "నేనేమన్ననో చెప్పు."

పద్మారాణి కొంగు దించి సరిగ్గా చూసింది. "మళ్ల అను."

అది మళ్లీ అంది.

"పప్పాతోని మాట్లాడుతనన్నవు."

"ఆఁ."

మూడింటికి ఫోన్ మోగింది. హారతి స్నానాల గది వైపు పోలేదు. ఫోన్ తనే పట్టుకుంది. తెర మీద గోపాల్ ముఖం, ముక్కు మీద ఆక్సిజన్ గొట్టం. పిల్లను చూసి ఏదో అనబోయాడు. దగ్గు వచ్చింది.

"నువ్వు మాట్లాడకు పప్పా," అంది హారతి. "నేనడుగుత. నువ్వు తల ఊపు, చాలు. అన్నం తిన్నవా?"

గోపాల్ తల ఊపాడు.

హారతి ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. "నిజంగనా? నేనేమన్ననో ఇనవడ్డదా నీకు?"