ఎగోన్ మూడు గుంజీలు

ఎగోన్ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. నౌరు దీవి చుట్టి రావడానికి బండిమీద అరగంట చాలు, ఆ అరగంటలో ఎవరిని కదిపినా ఈ మాటే చెబుతారు. కుడికాలి వేళ్ళు రెండింటిని షుగరు కిందటేడే మింగేసింది. ఇప్పుడు పాదం నల్లబడింది. వచ్చే గురువారం విమానంలో బ్రిస్బేన్ పంపిస్తాం, మోకాలి కిందికి తీసెయ్యాలి, తియ్యకపోతే మనిషే దక్కడు అని డాక్టరమ్మ మొహంమీదే చెప్పింది.

వింటాడా మహానుభావుడు! "దానికి ముందే, ఈ శనివారం పోటీ ఉంది. ఈ కాలిమీదే నిలబడి బరువులు ఎత్తుతాను. బరువులెత్తడంలో ఉన్న మూడు రకాలూ పూర్తిచేశానా, కాలు బతికున్నట్టే, విమానం ఎక్కను. చెయ్యలేకపోతే కోసుకోమను," అన్నాడు అక్క లొరెట్టాతో.

"నీ పంతం తగలెయ్య! చచ్చిన కాలితో పందెం ఏమిట్రా?" అని ఆవిడ తిట్టింది, ఏడ్చింది, అన్నం మానేసింది. చివరికి తనే బండెక్కించుకుని తీసుకొచ్చింది. ఓడిపోతే విమానం ఎక్కుతాడు కదా అని ఆ పిచ్చితల్లి ఆశ. తమ్ముడు ఓడిపోవాలని దేవుడికి దండం పెట్టుకోవలసిన గతి ఏ అక్కకూ పట్టకూడదు.

మెనెంగ్ హాల్లో పంకాలు తిరుగుతున్నాయన్న మాటే గానీ చెమట ఆరడం లేదు. తీర్పరుల్లో పెద్ద కుర్చీ మేనత్త ఫిలొమీనాది. పాదం సంగతి తెలిస్తే ఆవిడ బరువులెత్తే చెక్కమీద అడుగు పెట్టనివ్వదు. అందుకే ఆవిడకు చెప్పలేదు. ఎగోన్ రెండు మేజోళ్ళు తొడిగి, బూటు బిగించి కట్టాడు.

మొదట గుంజీలు. కడ్డీ భుజాన వేసుకుని కిందికి దిగి లేవాలి, తీర్పరి "పెట్టు" అనేదాకా పాదం కదలకూడదు. మూడు అవకాశాలు. మూడూ పోతే మిగతా రెండు రకాల మొహం చూడక్కర్లేదు, ఇంటికి పోవడమే. చీటీలో రాయించిన బరువు పెంచుకోవచ్చు గానీ, ఒకసారి మొదలెట్టాక తగ్గించుకోవడం మాత్రం కుదరదు. అందుకని బుద్ధున్నవాడెవడైనా మొదట తేలిగ్గా మొదలెడతాడు. పినతండ్రి కొడుకు హెర్మన్ అలాగే ఎగోన్ చీటీలో నూట ఇరవై కిలోలు రాయించాడు.

"నూట ఇరవై నువ్వు నిద్రలో కూడా తీస్తావురా. ముందు ఒకటి చేతిలో పడనీ," అన్నాడు.

మంచి మాటే. కానీ మా దీవిలో మొదటి బరువును మైకులో చదువుతారు. తక్కువ రాయించినవాడిని వచ్చే అంగమ్ పండగ దాకా వదిలిపెట్టరు. ఎగోన్ పేరు చదవగానే అనెటన్ నుంచి వచ్చిన బ్రూనో లేచి నిలబడ్డాడు.

"ఏంటి బావా, నూట ఇరవయ్యా? మా అమ్మ మోసే కొబ్బరికాయల బస్తా ఇంతకన్నా బరువు! పోనీ అమ్మని పంపమంటావా?"

హాలంతా గొల్లుమంది. ఎగోన్‌కు చెవులు ఎర్రబడ్డాయి. ఏడాదిగా జనం తనకేసి జాలిగా చూడ్డమే గానీ ఎగతాళి చెయ్యడం లేదు. ఎగతాళి చేస్తే మళ్ళీ మగాడినయ్యానన్నంత సంబరం కూడా కలిగింది. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి నూట అరవై అని మార్పించాడు.

"చచ్చావు పో! ఇంక తగ్గించలేవురా," అన్నాడు హెర్మన్, నెత్తి కొట్టుకుని.

"తగ్గిస్తానని ఎవడన్నాడు?"

మొదటిసారి లోతు చాలలేదు. తీర్పరుల ఎర్రదీపాలు వెలిగాయి, అంటే చెల్లలేదు. రెండోసారి సగం లేచి కూలాడు, పక్కనున్నవాళ్ళు కడ్డీ పట్టుకున్నారు. ఎగోన్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నూట ఇరవై అని ఉంటే ఈపాటికి నవ్వుతూ ఉండేవాడు. ఈ తెలివి అరగంట ముందు ఏ గంగలో కలిసిందో! భయం పట్టుకుంది. కాలు తీసేశాక చెప్పు కొనడానికి వెళితే జతే ఇస్తారా అని, ఎందుకో, అదొక్కటే తోచింది.

మూడోసారి కడ్డీ భుజాలమీదికి తీసుకున్నాడు. దిగాడు. ఈసారి బాగా దిగాడు. లేవడం మొదలెట్టాక కళ్ళముందు నల్లటి చుక్కలు ఆడాయి, పళ్ళు కిటకిటలాడాయి, తొడలు వణికాయి. అయినా లేచాడు! నిటారుగా నిలబడ్డాడు. అత్త చెయ్యి దించి "పెట్టు" అనేదాకా ఆగి మరీ కడ్డీని స్టాండుమీద పెట్టాడు. హాలు దద్దరిల్లింది. బ్రూనో కూడా చప్పట్లు కొడుతున్నాడు. "చూశావుటే అక్కా, బతికే ఉంది!" అని అరిచాడు ఎగోన్.

మూడు దీపాలూ ఎర్రగా వెలిగాయి.

"అత్తా! నువ్వు కూడానా? లోతు దిగాను, ఆగమన్నంతసేపూ ఆగాను. ఇంకేం కావాలి నీకు?"

"కదిలిందిరా. నేను చెయ్యి దించకముందే కుడికాలు జానెడు పక్కకు జారింది," అంది ఫిలొమీనా.

"జారలేదు! నా కాలు సంగతి నాకు తెలీదా?"

హెర్మన్ తల వంచుకుని చెక్కవైపు వేలు చూపించాడు. కాలు మొదట ఆనిన చోటు నుంచి పక్కకు, జానెడు పొడవున, ఎర్రటి తడి చార ఉంది. బూటు అంచునుంచి ఇంకా కారుతోంది.

ఫిలొమీనా కుర్చీలోంచి లేచి వచ్చింది. నేలమీద కూర్చుని బూటు విప్పింది, మేజోళ్ళు రెండూ లాగింది, ఆ పాదం చూసి నోరు నొక్కుకుంది. "ఒరేయ్, ఇంత జరుగుతుంటే నీకు తెలియనే లేదుట్రా?"

ఎగోన్ గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"నొక్కు అత్తా," అన్నాడు. "ఎక్కడైనా సరే, నొక్కి చూడు. చెబుతాను."

కాసేపు ఆగాడు. "నొక్కవేం? భయపడకు, నొక్కు."

"నొక్కుతూనే ఉన్నానురా నాయనా," అంది అత్త.