శ్రావణంలో పచ్చగాజులు

గాజుల మలారం అమీనా బీ భుజానికి ఆరోజు రాయిలా ఉంది. అడుగున పచ్చగాజుల సరాలకు చుట్టిన కాగితాలన్నీ క్విట్ ఇండియా కరపత్రాలే! మూడింటి బండి కదిలేలోగా మాచర్ల స్టేషన్లో, వాటిని పై ఊళ్లకి చేరేసే హనుమంతరావుకి అందించాలి. అది నలభై రెండు ఆగస్టు. కాగితంతో దొరికితే జైలే.

"ఏందే, మా ఇల్లు దాటిపోతన్నావు?"

హెడ్ కానిస్టేబుల్ భార్య సుబ్బరత్నం. ఏడో నెల. కడుపుతో ఉన్నావిడ పిలిస్తే గాజులమ్మే మనిషి ఆగకుండా పోకూడదు. పోతే వీధంతా అనుమానపడుతుంది. అమీనా బీ అరుగెక్కింది. అక్కడే హెడ్ ఆదినారాయణ బూట్లు తుడుచుకుంటున్నాడు.

"పచ్చవి తొడుగు."

"పచ్చవి లేవమ్మా," అనేసింది కంగారులో.

ఆదినారాయణ పకపకా నవ్వాడు. "శ్రావణమాసంలో పచ్చగాజుల్లేని మలారమా? ఏదీ, ఇప్పు, నేను చూస్తా!"

ముడి విప్పింది. అతను బూటు పక్కన పెట్టి లేచాడు.

"ఆడోళ్ల గాజుల్లో చెయ్యి పెడతావా? సిగ్గులేదూ! ఆ చెయ్యంతా బూట్ల నలుపు!" అంటూ సుబ్బరత్నం తనే అడుగుసరం లాగింది. అతను గొణుక్కుంటూ మళ్లీ బూట్ల వైపు తిరిగాడు. కాగితం ఊడి ఒళ్లో పడింది. చదివింది. అమీనా బీ వీధి వైపు చూసింది. ఇప్పుడు మొగుణ్ని పిలుస్తుంది, పిలిచేస్తుంది...

సుబ్బరత్నం కాగితాన్ని మడిచి బొడ్లో దోపుకుంది.

"మెల్లగా తొడుగు. ఏందా వణుకు?"

ఎలాగో తొడిగింది. దూరంగా బండి కూత. అమీనా బీ తల చటుక్కున స్టేషన్ వైపు తిరగడం సుబ్బరత్నం చూసింది.

"ఇంక పో. స్టేషన్ మాస్టరు పెళ్లాం కూడా రమ్మంది."

"ఎప్పుడందీ?" అన్నాడు ఆదినారాయణ.

"ఆడోళ్ల మాటలు నీకెందుకయ్యా? బూట్లు తుడుచుకో."

అమీనా బీ పరుగెత్తింది. బండి కదలబోతుండగా హనుమంతరావు చేతిలో పచ్చగాజుల కట్ట పడింది.

ఐదేళ్ల తర్వాత స్కూలు ముందు కొత్త జెండా ఎగిరింది. జైలుకెళ్లిన వాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతున్నారు. జనం వెనక నిలబడ్డ అమీనా బీ పక్కకి సుబ్బరత్నం వచ్చింది. కొంగుముడి విప్పి, నలిగిన ఆ కాగితం చూపించింది.

"మన పేర్లు లేవేందే?"

"జైలుకి పోలేదుగా అమ్మా."

"నేను పోయి మన పేర్లు చెప్పనా?"

జెండాకి సెల్యూట్ కొడుతూ ముందే నిలబడ్డాడు ఆదినారాయణ. అమీనా బీ ఆ కాగితాన్ని గబుక్కున అరచేత్తో మూసేసింది.

"గట్టిగా అనమాకమ్మా. మీ ఆయన ఇంటాడు."