నీళ్లలో బతకని మొక్కలు

మా ఇళ్లల్లో ఆవకాయ కలపడానికి ఎవరిని పడితే వాళ్లను పిలవరు. చెయ్యి మంచిదై ఉండాలి. మా అమ్మది మంచి చెయ్యి. ఆమె పోయాక ఆ పేరు నాకొచ్చింది. శాలిబండలో మా పుట్టింటి గల్లీలో ఎవరు కరివేపాకు మొక్క పెట్టాలన్నా, మెంతులు చల్లాలన్నా మహేశ్వరిని పిలవమనేవాళ్లు. పెళ్లై సైదాబాద్ వచ్చాక కూడా ఆ పిలుపులు ఆగలేదు. నాకు చదువు అబ్బలేదు, రూపం అంతంతమాత్రం. నోటి సంగతి మా ఆయన శ్రవణ్‌కుమార్‌ను అడగాలి. నాకంటూ ఉన్న మంచి పేరు ఆ చెయ్యి ఒక్కటే. దాని జోలికి ఎవరొచ్చినా నాకు ఒళ్లు మండుతుంది.

మా అన్న సోమశేఖర్‌కు అఫ్జల్‌గంజ్‌లో చేపల తొట్ల దుకాణం ఉంది. ఒకప్పుడు అది నాన్న నడిపిన పూజాసామాను దుకాణం. పసుపు కుంకుమలు తీసేసి చేపలు పెడతానన్నప్పుడు బంధువులంతా నవ్వారు. నేనొక్కదాన్నే అన్న వైపు నిలబడ్డాను. అన్నంటే నాకు ప్రాణం, అందులో దాచేదేమీ లేదు. రెండేళ్ల కిందటి రాఖీకి అన్న నాకొక చిన్న గాజు తొట్టి ఇచ్చాడు.

"నీ చెయ్యి మంచిది చెల్లె. ఇందుల మొక్కలు పెట్టు, మస్తు పెరుగుతయి" అన్నాడు.

పండగ రోజు అన్న నోట ఆ మాట విని పొంగిపోయాను. ఇక చూడండి నా హడావుడి. ఇసుకను నీళ్లు తేటబడేదాకా కడిగాను. నల్లా నీళ్లు బకెట్లో పట్టి నిలవబెట్టి, మందు వాసన పోయాకే తొట్టిలో పోశాను. కిటికీ ఎండ తగిలితే నాచు పడుతుందని తొట్టిని హాల్లో లోపలి మూలకు చేర్చాను. ఆ మూలలో ఉండే మా ఆయన కుర్చీ వరండాలోకి వెళ్లింది. చక్కెర, ఈస్టు కలిపిన సీసాకు సన్న పైపు పెట్టి బుడగలు వదిలితే ఆకులు బలుస్తాయని అన్న చెబితే అదీ చేశాను. ఆ సీసా వాసన చూసి, ఇంట్లో కల్లు కాంపౌండు పెట్టావా అని మా ఆయన ఎగతాళి చేశాడు.

చేపలతో పాటు మొక్కలూ అన్నే ఇచ్చాడు. ఊదారంగు ముడతల ఆకులది ఒకటి, తెల్ల చారల గడ్డి ఒకటి. తడి కాగితంలో చుట్టి, నీకోసమే పక్కకు పెట్టానని చేతిలో పెట్టాడు. నాటిన కొత్తల్లో ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ తొట్టి ముందు ఆగి చూసేవాళ్లు. ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. ఊదా ఆకులు పలచబడి, ముట్టుకుంటే జిగురుగా వేళ్లకు అంటుకుని ఊడొచ్చాయి. గడ్డి మొదలు దగ్గర నల్లబడి కుళ్లింది. నీళ్లు కంపు కొట్టాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి ఆయాసపడుతుంటే నాకు అన్నం సయించలేదు.

అన్న వచ్చి చూశాడు. లైటు చాలలేదన్నాడు, అసలు ధరే తీసుకుని మళ్లీ అవే మొక్కలు ఇచ్చాడు. అవీ కుళ్లాయి. ఈసారి నీళ్లు మార్చడంలో తేడా వచ్చిందన్నాడు. ఆ తర్వాత ఎరువు ఎక్కువైందన్నాడు. ఎన్నిసార్లు పోయినా తప్పు నాదే. నేను ప్రతిసారీ తలూపి, ఆయన చెప్పినట్టే చేసి, మళ్లీ కుళ్లిన ఆకులు ఏరి పారేశాను.

ఒక ఆదివారం వాళ్లింట్లో ఉప్మా తింటూ ఆ తొట్టి మాటే వచ్చింది. అన్న నవ్వుతూ, నా చెయ్యి మట్టికి పడుతుంది కానీ నీళ్లకు పడటం లేదేమో అన్నాడు. మా వదిన విమలాదేవి మామూలుగానే పక్కవాళ్ల మాటను కింద పడనివ్వదు.

"మట్టికైనా నీళ్లకైనా చెయ్యి ఒక్కటే గద. నీ చెయ్యి మునుపటి లెక్క లేదు మహేశ్వరీ" అంది.

నేను అన్న వైపు చూశాను. ఆయన పచ్చడి ఇంకొంచెం వెయ్యమని గిన్నె ముందుకు జరిపాడు.

ఆ మాట గల్లీలోకి పాకింది. ఆ ఎండాకాలం వదిన ఆవకాయ కలపడానికి తన చెల్లెలు సావిత్రిని పిలిచింది. నాకు జాడీలు తుడిచే పని దొరికింది. సైదాబాద్‌లోనూ పిలుపులు తగ్గాయి. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, ఆ మాట నేనూ నమ్మాను. నా సొంత కుండీలో తులసి నారు పెట్టడానికి కూడా పక్కింటావిడను పిలుచుకున్నాను.

ఈ శ్రావణంలో అన్న కూతురు అనూహ్య పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు మనీష్, బేగంబజార్‌లో పప్పుల వ్యాపారం చేసేవాళ్ల అబ్బాయి. మా ఇళ్లల్లో పెళ్లికి ముందు పాలికలు పెడతారు. మట్టి మూకుళ్లలో మన్ను నింపి, నానబెట్టిన నవధాన్యాలు చల్లి, పెళ్లినాటికి మొలకలొచ్చేలా నీళ్లు చిలకరిస్తారు. మొలకలు దట్టంగా వస్తే ఆ పిల్ల కాపురం పచ్చగా ఉంటుందని నమ్మకం. మొదటి పిడికెడు పెళ్లికూతురి మేనత్త పోయాలి. అనూహ్యకు మేనత్తను నేనొక్కదాన్నే. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ ఆ పిడికెడు నాదని అనుకుంటున్నాను.

వదిన ఫోను చేసి, పాలికలు సావిత్రి పోస్తుందని చెప్పింది. ఏమీ అనుకోవద్దని, పిల్ల బతుకు సంగతి కదా అని, మెత్తగానే చెప్పింది. సరే వదినా అన్నాను. కుళ్లబెట్టే చెయ్యిని మేనకోడలి బతుకు మీద ఎవరు పెడతారు? ఫోను పెట్టేసి బాత్‌రూములో నల్లా తిప్పి ఏడ్చాను. అన్న అయినా ఒక మాట అనలేదేమని అనుకున్నాను కానీ, ఆయన మీద కోపం రాలేదు. ఆడపిల్ల తండ్రి, భయపడతాడులే అని నేనే సర్దిచెప్పుకున్నాను.

పెళ్లి పూలు మాట్లాడటానికి మా ఆయనా నేనూ గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్లాం. బంతిపూల బేరం తెగేసరికి ఎండ ఎక్కింది. బయట దారి పక్కన ఒకాయన నల్ల కవర్లలో మొక్కలు పెట్టుకుని అమ్ముతున్నాడు. గులాబీలు, మందారాలు, వాటి వెనక వరసగా ఊదారంగు ముడతల ఆకులు. పక్కనే తెల్ల చారల గడ్డి. పొడి మన్నులో, ఎర్రటి ఎండలో నిగనిగలాడుతున్నాయి. నేను వంగి ఒక ఆకు పట్టుకుని చూశాను. ఎన్నిసార్లు కుళ్లగా ఏరిపారేశానో, ఆ ఆకే.

ఇవి నీళ్లలో బతుకుతాయా అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"నీళ్లల్లనా? కుళ్లిపోతయమ్మా. ఇవి గోడల పొంటి బార్డర్‌కు పెడతరు. అఫ్జల్‌గంజ్ సోమశేఖర్ సేటు మాత్రం వారం వారం తీస్కపోతడు. ఏర్లు కడిగి, మట్టి లేకుంట ఇయ్యమంటడు" అన్నాడు.

మా ఆయన నా మొహం చూసి ఆటో పిలిచాడు.

అన్న దుకాణంలోకి వెళ్లి ఎవరినీ పలకరించకుండా నేరుగా వెనకగదికి నడిచాను. సరుకు పెట్టే గది అనుకుని నేనెప్పుడూ అటు వెళ్లలేదు. పరదా తీస్తే లోపల తొట్లు. రిబ్బన్లలాంటి పొడుగాటి ఆకులు నీళ్లలో మెల్లగా ఊగుతున్నాయి. చెక్కముక్కలకు దారంతో కట్టిన ముదురాకుపచ్చ మొక్కలు కొత్త ఆకులు వేస్తున్నాయి. అసలైన నీటి మొక్కలు ఎలా ఉంటాయో అప్పుడు చూశాను. అన్న నా వెనకే వచ్చి నిలబడ్డాడు.

"గివి ఎవరికి అన్నా?"

"మొక్కల సంగతి తెలిసినోళ్లు వస్తరు గద. అడిగెటోళ్లకు."

"మరి నాకు గోడల పొంటి పెట్టేటివి ఎందుకిచ్చినవ్?"

అబద్ధమాడతాడనుకున్నాను. ఆడలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అందరికి గవే ఇస్తున్న చెల్లె. కుళ్లితె మల్ల వస్తరు. దుకాణం గట్లనే నడుస్తది."

"నేను అందరి లెక్కనా?"

"నువ్వు అడగవు గద. నేనేదిస్తే గది కండ్లకద్దుకుంటవు."

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. పైగా ఆ మాట ఆయన ప్రేమగానే అన్నాడు. నా నమ్మకం ఆయనకు సులువైన గిరాకీ అయింది. మొక్కలు పోతే పోనీ, నా చెయ్యి చెడిందని వదిన అన్నప్పుడు నువ్వు పక్కనే కూర్చుని తింటున్నావు కదా అని నిలదీశాను. జాడీలు తుడిచిన సంగతి, తులసికి పక్కింటావిడను పిలిచిన సంగతి, అన్నీ కక్కేశాను. అన్న తల వంచుకుని విన్నాడు.

"విమలకు జెప్తే బజార్ల దాక పోతది. దుకాణం ఇజ్జత్ పోతది. పెండ్లి ముంగట లొల్లెందుకు? పాలికలు నువ్వే పోస్తవు, నేను జూస్కుంట. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఇంత జరిగాక కూడా నాకు ఆశ పుట్టింది. ఇంట్లో నిజం చెబుతాడనే అనుకున్నాను. పిచ్చిదాన్ని కాకపోతే ఏమిటి?

పాలికలు పెట్టే రోజు ఇల్లంతా చుట్టాలు. వియ్యాలవారు కూడా వచ్చారు. మూకుళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. సావిత్రి నానిన ధాన్యాల పళ్లెం పట్టుకుని పీట మీద కూర్చోబోతోంది. అప్పుడు అన్న లేచి ఆగమన్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు.

"చెయ్యి మంచిది, చెడ్డది అని ఇంటి ఆడబిడ్డను పక్కకు పెడ్తమా? మొక్కలు సచ్చినయేమో, అయితేంది? నా చెల్లె చేతుల ఏ దోషమున్నా సరే, నా బిడ్డ పాలికలు ఆమెనే పొయ్యాలె" అన్నాడు.

గదిలో అందరి మనసులూ మెత్తబడ్డాయి. ఇలాంటి అన్న దొరకడం అదృష్టమని మనీష్ తండ్రి అన్నాడు. వదిన కళ్లు తుడుచుకుని, సావిత్రి చేతిలోని పళ్లెం తీసి నాకిచ్చింది. అందరి ముందూ అన్న నన్ను క్షమించాడు. తాను చేసిన తప్పుకు నన్ను క్షమించాడు! నాలుక చివరి దాకా వచ్చింది మాట. నా పక్కన మా ఆయన పిడికిళ్లు బిగించి నిలబడ్డాడు. నేను ఊ అంటే ఆయన చెప్పేసేవాడు.

కానీ అనూహ్య నా మణికట్టు పట్టుకుంది. "పొయ్యి అత్తా" అంది, పసుపు రాసిన మొహంతో, నవ్వుతూ. ఆ మొహం చూసి పీట మీద కూర్చున్నాను. పిడికెడు ధాన్యాలు తీసి మన్ను మీద చల్లాను. దోషం ఉన్న చెయ్యి అయినా అన్న దయతో పోస్తోందని అందరూ అనుకుని ఉంటారు.

పెళ్లినాటికి పాలికలు మన్ను కనబడనంత దట్టంగా మొలిచాయి. పెసలు, మినుములు, గోధుమలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచాయి. ఆ పొద్దున ఎవరూ లేనప్పుడు వెళ్లి వాటి మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా, గరుకుగా తగిలాయి. నా చెయ్యికి ఏమీ కాలేదు. ఎన్నాళ్లకో గుండె నిండా సంతోషం కలిగింది.

ముహూర్తానికి ముందు వదిన వియ్యపురాలిని తీసుకొచ్చి ఆ పాలికలు చూపించింది, అన్న కూడా వెంట వచ్చాడు. నేను ద్వారం దగ్గర హారతి పళ్లెం సర్దుతున్నాను.

"చూసిన్రా వదినా, మా ఆయన మనసు గంత మంచిది గాబట్టి గిట్ల మొలిచినయి. లేకుంటే మా మహేశ్వరి చేతికి ఇవి మొలిచేటియా?" అని వియ్యపురాలితో అంది.

వియ్యపురాలు అన్న వైపు చూసి దండం పెట్టింది. అన్న కూడా చేతులు జోడించాడు.

"ఏదో, తోడబుట్టింది గద" అన్నాడు.

నాకిక అన్న లేడని అప్పుడే అనుకున్నాను. అనూహ్య కోసం అప్పగింతల దాకా నవ్వుతూనే తిరిగాను, అడిగినవన్నీ అందించాను. చుట్టాలు బయల్దేరే వేళ పుట్టింటి బంధానికి గుర్తుగా ఇంటి ఆడబిడ్డ కొంగులో ఒడిబియ్యం పొయ్యాలని అన్న, వదిన బియ్యం పళ్లెంతో నా ముందుకొచ్చారు. నేను కొంగు పట్టలేదు. అన్న పోయబోయిన బియ్యం నా పాదాల మీద పడ్డాయి. వాటిని దాటుకుని గడప దిగాను. ఎందుకని ఒక్కరూ అడగలేదు. కట్నకానుకల్లో ఏదో తక్కువై ఆడబిడ్డ అలిగిందని నవ్వుకున్నారు. వాళ్లతో పాటు అన్న కూడా నవ్వాడు.