పడుగు కోసం పూడ్చిన కిటికీ

కోడలు లత సంచిలో రెండు చీరలు, ఆయాసం మాత్రలు, రొట్టెల మూట సర్దుతూ వెంకవ్వ మూడుసార్లు గుమ్మం వైపు చూసింది. నాలుగింటికి భివండీ ధామన్కర్ నాకాలో కరీంనగర్ బస్సు. ఈలోగా కొడుకు కనుకయ్య మనసు మార్చుకుంటే లత ఈ గదిలోనే మిగిలిపోతుంది. గాలాడని చోట ఉంచొద్దని డాక్టర్ గట్టిగా చెబితేనే, నెల రోజులు పుట్టింటికి పంపడానికి ఒప్పుకున్నాడు.

భివండీలో వాళ్లుండే కనేరి పేటలో ఇల్లు కట్టేటప్పుడు మనుషులకంటే ముందు నూలును అడుగుతారు. ఎండాకాలపు పొడిగాలి తగిలితే సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పడుగు పోగులు పుటుక్కున తెగుతాయి. అందుకే సాంచాల షెడ్డుకు కిటికీలుండవు. నేల ఆరకుండా నీళ్లు చల్లేది, కండెలు చుట్టేది ఇంటి ఆడవాళ్లు. షెడ్డుకు ఆనుకున్న వంటింటికి మొదట్లో ఓ కిటికీ ఉండేది. అందులోంచి గాలి సాంచాల మీదికి వస్తోందని మొగుడు భీమ్‌రావు దాన్ని ఇటుకలతో పూడ్చేశాడు. మా ఊరి ఇంట్ల నడిమిట్ల ఆకాశం కనబడేది అని వెంకవ్వ అంటే, "ఆకాశం చూసుకుంట కూసుంటే కండెలెవరు చుట్టాలె?" అన్నాడతను. ఇటుకలు అందించింది ఆమే. ముప్పై ఏళ్లు పొగా, నూలు నుసీ మింగింది. ఆరేళ్లుగా లత మింగుతోంది. మాట మధ్యలో ఊపిరందక గోడ పట్టుకుంటోంది.

కనుకయ్య లోపలికొచ్చాడు. "నెల రోజులే, ఇంటున్నవానే? అవ్వ ఒక్కతే ఎట్ల చేస్తది?"

"కిటికీ పెట్టియ్యి, తెల్లారే వస్త," అంది లత.

"పోగులు తెగితే మీ అయ్యొచ్చి అతుకుతడా?" నవ్వాడు. "సరే తియ్, నువ్వొచ్చేసరికి పెట్టిస్త."

ఆ గొంతు వెంకవ్వకు తెలుసు. అచ్చం వాళ్ల నాన్నదే.

బస్సు దగ్గర వెంకవ్వ సంచి అందించింది. ఈ పిల్ల పోతే నీళ్లు, కండెలు, పొయ్యి అన్నీ మళ్లీ తన నడుం మీదికే.

"బిడ్డా, కిటికీ అయిందని వాడు కబురు పంపుతడు. నమ్మకు. నేను చెప్తేనే రా."

"నువ్వు చెప్పకుంటే?"

"రాకు."

"మరి నువ్వెట్ల అత్తా?"

వెంకవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎక్కు, సీటు పోతది," అంది.

వానల ముందు, కిటికీ పెట్టించానని కనుకయ్య కబురు పంపాడు. లత అత్తింటి పక్క కిరాణా దుకాణానికి ఫోన్ చేసి అత్తను పిలిపించింది. కొడుకు పక్కనే నిలబడి కళ్లురుముతున్నాడు.

"గోడ గోడలెక్కనే ఉన్నది బిడ్డా," అంది వెంకవ్వ.

లత 1999 ఏప్రిల్ పద్దెనిమిదిన బస్సెక్కింది. మళ్లీ భివండీకి రాలేదు.